ధారణాధురీణుడు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి

కృష్ణా తుంగభద్రల నడుమ ఒదిగిన నేలకు నడిగడ్డ అని పేరు. ఆ సీమకు రాజధానిగా వెలసిన పట్టణం గద్వాల. వానకు మొగంవాచిన మెట్టపొలాలు, జొన్నచేలు, రాతిగుట్టలు తప్ప పైచూపుకు మరేమీ కానరాని పాలమూరు మండలంలో సంస్కృతాంధ్ర విద్వాంసులకు ఒకనాడు కొదువ ఉండేది కాదు. నిజాము రాజ్యానికి లోబడి ఉండిన గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలపేట సంస్థానాలు విస్తీర్ణంలో చిన్నవే అయినా పండితాదరణలో పెద్దవి. విద్వద్గద్వాల అన్న ప్రసిద్ధి ఊరక వచ్చినది కాదు. 17వ శతాబ్దిలో జటప్రోలు ప్రభువుల ఆశ్రయంలో ఎలకూచి బాలసరస్వతి రామకథ, కృష్ణకథ, పాండవకథ మూడింటినీ ఒకే పద్యంలో నడిపించే రాఘవయాదవపాండవీయం రచించాడు. ఆ ప్రభువులలో ఒకడైన సురభి మాధవరాయలు స్వయంగా చంద్రికాపరిణయ ప్రబంధకర్త. ఇటువంటి సభలలో మెప్పు పొందడమంటే మాటలు కాదు. అక్కడ పద్యం చదివేవాని చేతిలో పుస్తకం చూచి ఎవరూ తలలూపరు. నోటిలో ఏమున్నదో చూస్తారు.

అట్టి సభలకు కృష్ణ దాటి వచ్చి, గద్వాలలోను, ఆత్మకూరులోను సత్కారాలు పొంది మరలిన జంటకవులు తిరుపతి వేంకటకవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అన్న ఇద్దరి పేర్లు కలిసి ఒకే కవి పేరైన వింత తెలుగు సాహిత్యంలో సుపరిచితమే. తాము దర్శించిన రాజాస్థానాల ముచ్చట్లను వారు నానారాజసందర్శనం పేరిట గ్రంథంగా కూర్చారు. అవధానాలలో పుట్టిన పద్యాలు శతావధానసారంగా వెలువడినవి. ఆ ఇద్దరిలోను దీర్ఘాయువు పొంది, ఉపాధ్యాయుడై, శిష్యకోటిని తీర్చిన వేంకటశాస్త్రిగారి జీవితం చదువు చెప్పేవారికీ చదువుకొనేవారికీ ప్రత్యేకంగా పరిశీలింపదగినది. నేర్చిన మాటను ఏండ్ల తరబడి నిలుపుకొనడం ఎట్లా అన్న ప్రశ్నకు ఆయన బ్రతుకే ఒక సమాధానం.

వేంకటశాస్త్రిగారు 1870 ఆగస్టు 8వ తేదీన తూర్పుగోదావరి మండలంలోని కడియంలో జన్మించారు. యామినీపూర్ణతిలకావిలాసం రచించిన నరసకవి ఈ వంశంలోని పూర్వుడే. ఇంట కవిత్వపు వాసన ఉన్నదే గాని కలిమి లేదు. దానికి తోడు బాల్యంలోనే దృష్టిమాంద్యం పట్టుకొన్నది. వైద్యం కోసం తిరుగుళ్ళు, మధ్యమధ్య చదువు కుంటుపడడం తప్పలేదు. కుటుంబం యానాంలో కాపురమున్న కాలంలో పదునెనిమిదేండ్ల ప్రాయాన అక్కడి వేంకటేశ్వరస్వామిపై ఒక శతకం చెప్పారు. పండితులు అందులోని వ్యాకరణదోషాలను ఎత్తి చూపారు. పద్యం అల్లగల నేర్పు ఉన్నప్పటికీ శబ్దంపై అధికారం చాలలేదన్నమాట ఆ యువకుని మనస్సులో ముల్లువలె నాటుకొన్నది. దోషం చూపినవారిపై కోపం పెంచుకొని అక్కడే ఆగిపోయి ఉంటే తెలుగుదేశం ఒక శతావధానిని పోగొట్టుకొని ఉండేది. ఆయన ఆ అవమానాన్ని చదువుగా మార్చుకొన్నారు.

వ్యాకరణం చదవడానికి కాశికి పోవాలని సంకల్పించారు. దారిఖర్చు లేదు. నిడమర్రులో అష్టావధానం చేసి కొంత ద్రవ్యం సమకూర్చుకొన్నారు. చదువుకు కావలసిన డబ్బును చదువుచేతనే సంపాదించడం అప్పటినుంచే ఆయనకు అలవడినది. కాశిలో కొంతకాలం గడపడమూ, గోదావరీమండలంలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిలో వ్యాకరణశాస్త్రం అభ్యసించడమూ ఆయన విద్యకు పునాదులు. ఆ గురుకులంలోనే దివాకర్ల తిరుపతిశాస్త్రి సహాధ్యాయిగా లభించారు. 1872లో జన్మించిన తిరుపతిశాస్త్రి వయస్సులో రెండేండ్లు చిన్న. గురువుగారి ముంగిట కలిసిన ఆ రెండు కంఠాలు తర్వాత విడిపోలేదు. కాకినాడలో ఇద్దరూ జంటగా శతావధానం చేసిన నాటినుంచి ఊరూరా వారి పేరు మారుమ్రోగినది.

ఆనాటి గురుకులాలలో చదువు సాగిన తీరు ఒక్కసారి స్మరింపదగినది. ఉదయం పాఠం. గురువు ఒక శ్లోకమో సూత్రమో చెప్పి అర్థం విప్పేవాడు. ఆ పిమ్మట వల్లె. అంటే చెప్పినదానిని నోటికి పట్టేదాకా పలుమార్లు పలకడం. మూడవది చింతన. పుస్తకం కట్టివేసి, విద్యార్థులు ఒకచోట కూర్చుండి, నిన్నటిది, మొన్నటిది, అంతకు ముందరిది తమలో తాము జ్ఞప్తికి తెచ్చుకొని ఏకరువు పెట్టేవారు. నాలుగవది అప్పగింత. గురువు ఎక్కడనో ఒకచోట ఎత్తుకొంటే శిష్యుడు అక్కడినుంచి అందుకొని చెప్పాలి. తడబడినచోట మరల పాఠం. పాడ్యమి, అష్టమి వంటి అనధ్యయన దినాలలో కొత్త పాఠం ఉండేది కాదు. ఈ నాలుగు మెట్లలో వల్లె ఒక్కటే తర్వాతి బడులలో బట్టీ అన్న నింద మోసి మిగిలినది. చింతన, అప్పగింత అన్నవి చాలాచోట్ల జారిపోయినవి. నిజానికి జ్ఞాపకానికి బలమిచ్చేవి ఆ రెండే.

పసితనంలో ఆరంభమయ్యే అమరకోశమే ఇందుకు ఉదాహరణ. మూడు కాండలలో సుమారు 1,500 శ్లోకాలు గల ఆ నిఘంటువు పదాలను అకారాదిగా కాక వర్గాలుగా పేర్చినది. స్వర్గవర్గంలో దేవతల పేర్లు, వనౌషధివర్గంలో చెట్టుచేమల పేర్లు, ఇట్లా అర్థాన్నిబట్టి పదాలు గుంపుగూడి ఉంటాయి. ఒక్క పేరు తలచుకొంటే దాని పర్యాయపదాలన్నీ ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వస్తాయి. అచ్చతెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం వంటి పద్యనిఘంటువులు ఇదే పని చేసినవి. పదేండ్ల బాలునికి ఆ మాటలన్నిటి ప్రయోజనం తెలియకపోవచ్చు. కాని కావ్యపాఠం మొదలైనప్పుడు ఒక్కొక్క మాట తన చోటులో తారసిల్లుతుంది. అప్పుడు కోశం నుంచి దానిని మరల పైకి తీయాలి. ఈ విధంగా ఒక పదం కోశంలో ఒకమారు, కావ్యంలో ఒకమారు, వ్యాకరణంలో ఒకమారు, తన పద్యంలో ఒకమారు, ఏండ్ల వ్యవధులలో ఎదురుపడుతూ ఉంటుంది. మరచిపోబోయే సమయానికి మరల తలపునకు రావడమే దానికి ప్రాణం పోస్తుంది.

వేంకటశాస్త్రిగారు కడియంలో అక్షరాలు దిద్దుకొని యువకుడవుతున్న ఆ సంవత్సరాలలోనే జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే పండితుడు జ్ఞాపకశక్తిని కొలిచే ప్రయత్నంలో ఉన్నాడు. 1850లో జన్మించిన ఆయన అర్థంలేని అక్షరకూటాలను సుమారు 2,300 కూర్చుకొని, వాటి పట్టికలను తానే కంఠస్థం చేసి, తానే మరచి, తానే మరల నేర్చి లెక్కలు కట్టాడు. ఆ పరిశోధన 1885లో గ్రంథరూపం దాల్చినది. నేర్చిన గంటలోపే సగానికి మించిన శ్రమ వృథా అవుతున్నదని, ఒక దినం గడిచేసరికి మూడింట ఒక వంతు మాత్రమే మిగులుతున్నదని, ఆ పిమ్మట మరపు వేగం తగ్గి నెల గడిచినా అయిదవ వంతు నిలుస్తున్నదని ఆయన గమనించాడు. అంతకంటె విలువైన సంగతి మరొకటి. ఒక్క దినంలో 68 ఆవృత్తులు చేసి సాధించిన ఫలితాన్ని మూడు దినాలపై పంచిన 38 ఆవృత్తులు అందుకొన్నవి. ఒకే బిగిని చేసే శ్రమకన్న ఎడమిచ్చి చేసే శ్రమ మేలని అంకెలతో తేలినది. బైరన్ కవి పద్యాలను నేర్చుకొనడానికి అర్థంలేని అక్షరాలకు పట్టిన శ్రమలో పదవ వంతు చాలినదని కూడా ఆయన వ్రాశాడు. అర్థమూ లయా జ్ఞాపకానికి ఊతకర్రలన్నమాట. శ్లోకంలో నిఘంటువును ఇమిడ్చిన మన పూర్వులు ఈ మర్మాన్ని అనుభవంతో గ్రహించినవారే.

ఇక అవధానం. ఆ విద్యను కేవలం గారడీగా చూచేవారు కొందరున్నారు. దాని నిర్మాణం తెలిస్తే అది జ్ఞాపకాన్ని ఎట్లా సానపెడుతుందో బోధపడుతుంది. శతావధానంలో నూరుగురు పృచ్ఛకులు. ఒక్కొక్కరు ఒక్కొక్క విషయం, ఒక్కొక్క నియమం ఇస్తారు. అవధాని మొదటి ఆవృత్తిలో అందరికీ మొదటి పాదమే చెబుతాడు. రెండవ ఆవృత్తిలో రెండవ పాదం, అట్లే మూడు, నాలుగు. మొదటి పృచ్ఛకునికి చెప్పిన పాదానికీ, అతనికే చెప్పవలసిన రెండవ పాదానికీ నడుమ తొంబదితొమ్మిది పాదాలు అడ్డుగా నిలుస్తాయి. అవధాని ఎదుట కాగితం లేదు. రెండవ పాదం అందుకోవాలంటే మొదటిదానిని లోపలినుంచి తానే తెచ్చుకోవాలి. మూడవ పాదానికి రెండు పాదాలను, నాలుగవ పాదానికి మూడు పాదాలను తెచ్చుకోవాలి. అంటే పద్యం పూర్తి అయ్యేలోగా మొదటి పాదం మూడుమార్లు, ప్రతిసారీ పెద్ద వ్యవధి తర్వాత, మనస్సునుంచి పైకి వచ్చి ఉంటుంది. చివరకు పద్యాలన్నిటినీ వరుసగా ఒప్పజెప్పే ధారణ ఈ మూడు పరీక్షలమీద నిలిచే నాలుగవ పరీక్ష. ధారణ పర్వతంవలె కనబడడం చూచేవారికి; అవధానికి అది మెట్లుమెట్లుగా ఎక్కిన కొండ.

అష్టావధానంలోని అంశాలు మరికొన్ని విధాల పరీక్షలు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యపు అక్షరాలను క్రమం తప్పించి, ఇది ఇన్నవ అక్షరమని చెబుతూ, నడుమ నడుమ అందిస్తారు. వాటిని ఒక మూల దాచుకొని చివరకు వాక్యంగా కూర్చాలి. నిషిద్ధాక్షరిలో అవధాని నోట రాబోయే అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు నిషేధిస్తాడు. ఇక్కడ పనికివచ్చేది పదసంపద. సూర్యుని పేరు చెప్పవలసినచోట సూకారం కూడదంటే భానుడు ఉన్నాడు. భాకారమూ కూడదంటే ఇనుడు ఉన్నాడు, రవి ఉన్నాడు. ఆ మాట ఎక్కడో చదివినట్లు ఉన్నదే అని తడుముకొనే వ్యవధి లేదు. పిలిచిన క్షణంలో పలికే మాటే అవధానికి సొంత మాట. పుస్తకంలో చూచి గుర్తుపట్టగల మాట వేరు, పుస్తకం లేనిచోట తానై స్ఫురించే మాట వేరు. ఈ భేదం తెలియకనే ఎందరో విద్యార్థులు పాఠం వచ్చినదని భ్రమపడి పరీక్షలో చతికిలబడుతున్నారు.

అయితే ఒక సంగతి విడమరచి చెప్పవలసి ఉన్నది. సభలో చెప్పిన నూరు పద్యాలను నిలుపుకొనే ధారణ ఆ సభ ముగిసేదాకా ఉంటే చాలు. వెయ్యి సభలలో వెయ్యి విధాలుగా అక్కరకు వచ్చే పదసంపద జీవితాంతం నిలవాలి. మొదటిది రెండవదాని ఆధారంమీదనే నిలుస్తుంది. బాల్యంలో సంవత్సరాల కొద్దీ చింతన చేసి స్థిరపరచుకొన్న శబ్దరాశి లేనివాడు ఎంత ఏకసంథాగ్రాహి అయినా నిషిద్ధాక్షరిలో మొదటి పాదానికే నీళ్ళు నములుతాడు. కండ్లు సహకరించని పిల్లవానికి పుస్తకం ఎప్పుడంటే అప్పుడు తెరచి చూచుకొనే సదుపాయం తక్కువ. మనస్సులో ఉన్నదే అతని పుస్తకం. వేంకటశాస్త్రిగారి లోపం ఆయనకు ఉపకారమే చేసినదో ఏమో!

ఈ సిద్ధతతోనే ఆ జంటకవులు సంస్థానాల గడప తొక్కారు. పాలమూరు సీమలోని ఆస్థానాలలో శాస్త్రం చదివినవారు, వేదం వల్లించినవారు, స్వయంగా పద్యం అల్లేవారు కూర్చుండేవారు. అటువంటి శ్రోతల ఎదుట అన్వయం చెడినా, యతి తప్పినా దాగదు. యానాంలో వ్యాకరణదోషాలు చెప్పించుకొన్న యువకుడు గద్వాల, ఆత్మకూరు ఆస్థానాలలో సన్మానం పొందడం వెనుక ఉన్నది నడుమ సంవత్సరాల చదువే. సంస్కృతాంధ్రాలు రెండింటిలోను తమను జయించినవారికి మీసాలు తీసి ఇస్తామని ఆ కవులు బాహాటంగా సవాలు చేయడం తెలుగునాట కథగా మిగిలినది. దానిని గర్వమన్నవారున్నారు. తన నోటిలో ఉన్నదానిపై తనకు నమ్మకం కుదిరినవాడు తప్ప ఆ మాట అనలేడన్నది కూడా సత్యమే.

కాలం అన్ని జంటలనూ విడదీస్తుంది. 1920లో తిరుపతిశాస్త్రిగారు పరమపదించారు. అప్పటికి వేంకటశాస్త్రిగారికి ఏబదియేండ్లు. ఇద్దరి పేరుమీద పాండవోద్యోగ, పాండవవిజయాది నాటకాలు, ఎడ్విన్ ఆర్నాల్డ్ గ్రంథానికి తెనిగింపైన బుద్ధచరిత్ర, శ్రవణానందం వంటి కావ్యాలు వెలువడి ఉన్నవి. పాండవనాటకాల పద్యాలు చదువురానివారి నోట సైతం నాట్యమాడుతున్నవి. ఇక మీదట వ్రాసేది తన ఒక్కనిదే అయినా వేంకటశాస్త్రిగారు దానిని తన ఒక్కని పేర ప్రకటించలేదు. ఆ తర్వాత జీవించిన ముప్పదియేండ్లూ తన రచనలను జంటపేరుతోనే వెలువరించారు. మరచిపోకపోవడమన్నది ఆయనకు సభలో ప్రదర్శించే విద్య మాత్రమే కాదు. పోయిన మిత్రుని పట్ల నెరవేర్చిన ధర్మం.

బందరు హిందూ హైస్కూలులో ఆయన తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, వేటూరి శివరామశాస్త్రి, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ప్రభృతులు ఆయన శిష్యులు. వారిలో విశ్వనాథవారికి 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించినది. ఒక్క బడి పంతులు ఇంతమంది కవులను తీర్చడం మరెక్కడా సాధారణంగా కానరాదు. వార్ధక్యంలో ఆయన కలం వచనంవైపు తిరిగినది. కథలు గాథలు అన్న పేర పత్రికలలో వెలువడిన ఆ వ్యాసాలలో ఏనాడో చూచిన సభలు, కలిసిన పండితులు, విన్న చాటువులు కండ్లకు కట్టినట్లు నిలుస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించినది. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆస్థానకవి పదవిని ఇచ్చినది. ఆ పదవి తెలుగులో మొదట ఆయనకే దక్కినది. 1950 ఫిబ్రవరిలో శాస్త్రిగారు దివంగతులైనారు.

ఆయనను ఆదరించిన సంస్థానాలు కూడా ఇంచుమించు ఆ దినాలలోనే అంతరించినవి. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో చేరిన పిమ్మట గద్వాల, ఆత్మకూరు ప్రభుత్వాలు చరిత్రలో భాగాలైనవి. ఆ నేల పుట్టించిన కవుల జ్ఞాపకాన్ని అంతకుముందే ఆ మండలపు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు భద్రపరచారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా ఆయన 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి 354 మంది కవులను లోకానికి చూపారు. వ్యక్తికి ధారణ ఎట్లాంటిదో జాతికి అటువంటి సంచిక అట్లాంటిది. తలచుకొననిది లేనిదానితో సమానమవుతుంది.

శాస్త్రిగారి కాలం తర్వాత జరిగిన పరిశోధనలు గురుకులపు అప్పగింతకు వత్తాసు పలుకుతున్నవి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనేవారు విద్యార్థులచేత ఒక పాఠం చదివించి, కొందరిచేత దానినే మరల చదివించారు. కొందరిని పుస్తకం చూడక జ్ఞాపకమున్నంత వ్రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత మరల చదివినవారే మేలుగా కనబడ్డారు. వారం గడిచేసరికి తారుమారైనది: మరల చదివినవారికి నూటికి 42 వంతులు మిగిలితే, తలచుకొని వ్రాసినవారికి 56 వంతులు నిలిచినవి. 2008లో వారే స్వాహిలీ భాషామాటలు 40 నేర్పి చూడగా, మాటలు వచ్చిన పిమ్మట కూడా పదేపదే అడిగించుకొన్నవారికి వారం తర్వాత నూటికి సుమారు 80 గుర్తున్నవి. అడగడం మానివేసినవారికి 35 దాకా మాత్రమే. అంతకుముందే 1972లో జర్మనీలో సెబాస్టియన్ లైట్నర్ అట్టముక్కలమీద మాటలు వ్రాసి, వచ్చినవానిని వెనుక గదికి, రానివానిని ముందు గదికి మార్చే పెట్టె పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. వచ్చిన మాటను ఎడమిచ్చి అడగడం, రాని మాటను వెంటనే అడగడం దాని సారాంశం. తడబడినచోట మరల పాఠం చెప్పిన గురువు చేసినదీ ఇదే.

నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా బడిపంతులకు ఇందుకు ఖర్చు లేదు. ఈనాడు చెప్పిన పది మాటలను రేపు పుస్తకం మూయించి అడగవచ్చు. మూడునాళ్ళ తర్వాత ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి అడగవచ్చు. జవాబు వెంటనే అందించక, పిల్లవాడు నుదురు చిట్లించుకొని వెదుకుకొనేటంత వ్యవధి ఇవ్వవచ్చు. ఆ వెదుకులాటే చదువు. రాని మాటకు బెత్తం అక్కరలేదు. మరల చెప్పి మరల అడిగితే చాలు. అర్థం తెలియని వల్లె మాత్రం వద్దు. ప్రతి మాటకూ ఒక పద్యమో, ఒక సామెతో, సంతలో వినే ఒక వాక్యమో తోడు కావాలి. తప్పు చెప్పినవానిని నవ్వులపాలు చేసే తరగతిలో ఎవడూ నోరు విప్పడు; నోరు విప్పనిచోట ధారణకు తావు లేదు. యానాంలో తప్పులు పట్టించుకొన్న కుర్రవాడు గద్వాలలో తలయెత్తి నిలిచినాడంటే, ఆ నడుమ అతనికి దొరికినది మరల నేర్చుకొనే అవకాశం. దానిని ప్రతి బాలునికీ కల్పించడమే శాస్త్రిగారి స్మృతికి తగిన అర్చన.